ఆ రాత్రి విమానం ఎవరి చేతిలో ఉంది

నిన్న జనగామలో ఒక దుకాణంలో కొత్త బట్ట తాను విప్పగానే గంజి వాసన గుప్పుమంది. బేరం మధ్యలోనే ఆపేశాను. ఆ వాసన వస్తే నాకు తొర్రూరులో బట్టల దుకాణం నడిపిన విమలక్క గుర్తుకొస్తుంది.

మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది తగవుకే. ఉతికితే పొట్టిదైపోయిన చొక్కా పట్టుకుని వెళ్లాను. "వచ్చిండు కలెక్టర్ సాబ్" అని గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు. విమలక్క మాత్రం నా మాటలన్నీ విని, చొక్కాను వాకిట్లో ఎండకు పట్టి చూసి, "మా బట్టదే తప్పు తమ్మీ, ఇంకోటి కుట్టిస్త" అన్నది. నా ఫిర్యాదును చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమె. తర్వాత కరెంటు ఆఫీసుకు అర్జీ రాసినా, బస్సు డిపోకు రాసినా ముందు ఆమెకే చదివి వినిపించేవాణ్ణి.

"తిట్లు తీసెయ్యి. నీకు జవాబు గావాల్నా, కొట్లాట గావాల్నా?" అనేది.

"రెండూ గావాలె అక్కా" అనేవాణ్ణి. నవ్వేది, కానీ తిట్లు తీయించేది.

ఆమె కొడుకు శ్రీకాంత్ వేరే రాష్ట్రంలో ఒక శిక్షణ కేంద్రంలో విమానం నడపడం నేర్పేవాడు. భూపాలపల్లి కుర్రాడు మధును తనే ఆ శిక్షణ కేంద్రంలో చేర్పించాడు. ఒక రాత్రి ఇద్దరూ చిన్న విమానంలో తిరిగి వస్తూ, దిగబోయే ముందు రన్‌వేకు ఇవతల పొలంలో కూలి చనిపోయారు.

తొర్రూరులో అందరూ మధునే తప్పుపట్టారు. "నేర్సుకునే పోరని చేతికిస్తే గంతే గదా" అన్నాడు ఎదురు దుకాణం సేటు, అదే ఓదార్పు అనుకుని. మధు చేతికి విమానం ఎందుకిచ్చారని కేంద్రం మీద ఫిర్యాదు రాశాను. విమలక్క సంతకం పెట్టింది. అసలు ఎవరు నడిపారో తేల్చమని చివర ఒక వాక్యం కలిపించింది. ఆ ఫిర్యాదు మాట భూపాలపల్లి దాకా పాకింది.

చాలాకాలానికి విచారణ అధికారి ఫోన్ చేశాడు. "నేనే దించుతున్నానని మీ అబ్బాయి రేడియోలో చెప్పాడమ్మా. మబ్బులో రన్‌వే దీపాలు కనబడలేదు. మళ్లీ పైకి లేపేసరికి ఆలస్యమైంది."

"చెప్పిండ్రు, మంచిది సార్" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఊకోవద్దు అక్కా, ఇంకా పైకి రాద్దాం" అన్నాను.

"ఏం జరిగిందో చెప్పుమన్న, చెప్పిండ్రు. నాకు నచ్చింది చెప్పుమనలే గదా" అన్నది. మర్నాడు భూపాలపల్లి బస్సెక్కింది. నేనూ వెళ్లాను.

మధు తండ్రి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఆమె కూర్చోకుండానే, "అన్నా, విమానం మా శ్రీకాంత్ చేతులనే ఉండె. మీ పిల్లగాని తప్పు లేదు" అన్నది.

"మాగ్గూడ ఫోన్ చేసిండ్రక్కా" అన్నాడాయన. "మరి వాడకట్టోళ్లకు ఎవ్వలు చెప్పాలె?" అన్నాడు.

విమలక్క కొంగు సర్దుకుని వీధిలోకి నడిచింది. గడపల్లో కూర్చున్న వాళ్లందరికీ వినబడేలా అదే మాట మళ్లీ చెప్పింది. నేను లోపలే నిలబడ్డాను. అప్పుడు మా దగ్గరున్న సమాచారంతో ఆ ఫిర్యాదు సరైనదేనని నేనిప్పటికీ అంటాను.

విమలక్క ఇప్పుడు లేదు. నేను ఫిర్యాదులు రాస్తూనే ఉన్నాను. పంపేముందు మాత్రం, జవాబు నాకే ఎదురుతిరిగితే అలా నడివీధిలో నిలబడి చెప్పగలనా అని ఆలోచిస్తాను. చెప్పలేననిపించి కొన్ని ఆపేశాను. మిగిలినవి పంపుతూనే ఉన్నాను.