మా సముద్రం చప్పబడింది

మా అత్తకు తీరని కోరిక ఒక్కటే ఉండేది, సముద్రస్నానం. నాందేడ్‌లో పుట్టి పెరిగిన మనిషి, గోదావరిలో రోజూ మునిగేది. సముద్రం మాటెత్తితే మాత్రం మా ఆయన "అచ్చే ఏడు పోదమమ్మా" అనేవారు. ఆ అచ్చే ఏడు మా పెళ్లికి ముందు నుంచీ వస్తూనే ఉందట.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎనభైల మొదట్లో మా గల్లీలో వాళ్లంతా బొంబాయి వెళ్తే రేడియో తెచ్చుకునేవారు. మా ఆయన ఆఫీసు పని మీద వెళ్లి సముద్రం తెచ్చారు. మన్మాడ్‌లో బండి మారి, కూలీల చేత ప్లాస్టిక్ డబ్బాలు మోయించుకుంటూ దిగారు. డబ్బాల నిండా ఉప్పునీళ్లు. ఒకదాంట్లో తెల్లచారల నారింజరంగు చేపలు రెండు, ఇంకోదాంట్లో ఒక రాయి. అది బతికున్న రాయి అన్నారు. రాయి బతకడమేమిటని నేను అడగలేదు. నా కుట్టుమిషన్ను కిటికీ దగ్గర నుంచి జరిపి అక్కడ గాజుతొట్టి పెట్టినప్పుడు మాత్రం అడగాల్సినవన్నీ అడిగాను.

"సూడమ్మా, నువ్వు సముద్రం కాడికి పోవుడెందుకు? సముద్రమే నీ ఇంటికచ్చింది!" అన్నారు ఆయన.

అత్త తొట్టి చుట్టూ ఒకసారి చూసి "సముద్రమంటే గింతేనారా?" అంది. ఆమె ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆయనకేమో బొంబాయి టికెట్లు తప్పాయన్న సంతోషం.

గల్లీ అంతా చూడడానికి వచ్చింది. ఒకావిడ పసుపు కుంకుమలు తెచ్చింది. ఇంకొకాయన తొట్టి అంచుకు కొబ్బరికాయ కొట్టబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంత వైభవం మధ్య పురుగులు బయటపడ్డాయి.

చదునుగా, ఎండుమిరప తునకల్లా ఉండేవి. ముందు రాయి మీద నాలుగైదు కనిపించాయి. పండుగకు వచ్చిన చుట్టాలైనా కొన్నాళ్లకు వెళ్తారు, ఇవి రోజురోజుకీ పెరిగి అద్దమంతా పాకాయి. చేపలు ఒక మూలకు జరిగి బిక్కుబిక్కుమంటూ ఉండేవి. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా, పెన్నులో సిరా పోసే ఫిల్లర్‌తో ఒక్కో పురుగునూ పీల్చి గిన్నెలో వేసేవారు. నేను అన్నం పెట్టానన్నా వినిపించేది కాదు.

అది చాలక రబ్బరుగొట్టం తెచ్చారు. ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని బలంగా పీల్చారు. పురుగులతో సహా సముద్రం నోట్లోకి వచ్చింది. వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మి, పుక్కిలించి, మళ్లీ ఉమ్మారు.

అత్త బియ్యం ఏరుతూ తలెత్తకుండా "ఉప్పెక్కువైందారా?" అంది.

నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

తర్వాత కొన్నాళ్లకు పురుగులు తగ్గసాగాయి. ఒకరోజు చూస్తే ఒక్కటీ లేదు. మా ఆయన ఫిల్లర్‌ను జేబులో పెట్టుకుని గల్లీ అంతా తిరిగి తన ప్రతాపం చెప్పుకున్నారు. ఆ ఊపులో తొట్టి అడుగు శుభ్రం చేద్దామని మళ్లీ గొట్టం పీల్చి, నీళ్లు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"అమ్మా! ఈ నీళ్లు చప్పగైనయేంది?"

"కావా మరి?" అంది అత్త. "రోజు పొద్దుగాల ఒక చెంబెడు తీస్కొని నెత్తిన పోస్కుంటున్న. నువ్వు తోల్కపోయే దాక నా స్నానం ఆగుతదా? తీస్కున్న కాడ ఖాళీ పెట్టొద్దని, చెంబెడు గంగ పోస్తున్న."

మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. పక్కింటి నుంచి కూరగిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిరిగి పంపరు కూడా, చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. అత్త సముద్రానికీ అదే మర్యాద చేసింది.

"గంగ నీళ్లు సముద్రంల పోస్తరా ఎవరన్నా?" అని ఆయన గొంతు చించుకున్నారు.

"గంగ యాడికి పోతది? సముద్రానికేనాయె. నేను జర తొందరగ తోలిన."

ఉప్పు తగ్గేసరికి పురుగులు చచ్చాయి. ఇంకా తగ్గితే చేపల వంతు. ఇంటి ఉప్పు వేయొద్దని చేపలు అమ్మిన బొంబాయి దుకాణం వాడు ముందే చెప్పాడట. సముద్రపు నీళ్లు తేవడానికి బొంబాయి పోవాల్సిందే, అదీ వెంటనే. చేపలు అచ్చే ఏడు దాకా ఆగవు కదా.

ఆయన డబ్బాలు కడిగి వచ్చేసరికి అత్త చీరల మూట కట్టుకుని గడపలో కూర్చుని ఉంది. "నేనూ అస్త" అంది. నేను మారుమాట లేకుండా నా మూట కూడా కట్టాను. తొట్టిని చూసుకునే పని పక్కింటావిడ ఒప్పుకుంది, ఇక చెంబు దాని దగ్గరికి రానివ్వనని మాటిచ్చి మరీ.

బొంబాయిలో సముద్రం కనిపించగానే అత్త ఆగిపోయింది. మూట విప్పి, మూతి గుడ్డతో కట్టిన ఇత్తడి చెంబు తీసింది. నాందేడ్ నుంచి ఒళ్లోనే పెట్టుకుని తెచ్చిన గంగ. మోకాళ్ల లోతుకు నడిచి, ఆ నీళ్లు ముందు సముద్రంలో పోసి, దండం పెట్టింది. ఆ తర్వాత మునగబోయేలోపే అల వచ్చి ఆమెను చీరతో సహా ఇసుకలో కూలబడేసింది.

మా ఆయన డబ్బాలు వదిలేసి పరుగెత్తారు. అత్త కూర్చున్న చోటే దగ్గుతూ, చిన్నపిల్లలా నవ్వుతూ కొడుకు చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"గిప్పుడు సరిపోయిందిరా, ఉప్పు" అంది.