మేనమామ వ్యానుకి సౌండు

పెళ్లికి బండి మాట్లాడుకోవడానికి వచ్చినవాడు ముందుగా ఏమడగాలి? టైర్లు ఎలా ఉన్నాయి, బ్రేకు పడుతుందా, తోలేవాడికి తాగుడు అలవాటుందా... ఇవీ కదా అడగాల్సినవి! రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కాశీబుగ్గ స్టాండులో వ్యాను పెట్టుకుని బతికాను. ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అడిగిన పాపాన పోలేదు. డోరు తీసి, తల లోపలికి పెట్టి, "సౌండుందా?" అనేవాడు. లేదంటే పక్క బండి దగ్గరికి పోయేవాడు.

నాది సెకండ్ హ్యాండ్ వ్యాను. ఇంజను మీద ఒట్టేసి చెప్పగలను, నన్నెప్పుడూ దారిలో దింపలేదు. కంపెనీవాడు పెట్టిన టేప్‌రికార్డరు సంగతే వేరు. డాష్‌బోర్డు కింద అరచెయ్యంత స్పీకర్లు రెండు. మూడో గేరు పడేసరికి పాట ఎటుపోయిందో వెతుక్కోవాల్సి వచ్చేది. నాకది లోటుగా అనిపించలేదు. తోలేవాడికి ఇంజను చప్పుడు వినపడాలి, వెనకవాడి హారను వినపడాలి. పాటలు కావాలంటే ఇంటికెళ్లి వినండి అనేవాణ్ణి.

పరాయివాళ్లు అడిగితే సరేలే అనుకుంటాం. మా సొంత బావ, తోడబుట్టిన అక్క మొగుడు, అదే మాట అన్నాడు చూడండి!

మా మేనకోడలికి టెక్కలి అవతల ఒక ఊళ్లో సంబంధం కుదిరింది. మా వైపు చాలా ఇళ్లలో పెళ్లి మగపెళ్లివారింటి దగ్గరే జరుగుతుంది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసి మనమే అక్కడికి తీసుకెళ్లాలి. మేనమామ ఉండగా ఇంకెవరు తీసుకెళ్తారు? ఆ మేనమామకి సొంత వ్యాను ఉంటే ఇంక చెప్పేదేముంది? అక్కకి ఒక్కతే కూతురు. నాకు ఆడపిల్లలు లేరు. అది నా భుజాల మీద పెరిగిన పిల్ల. ఆ పిల్లని నా బండిలో, నేనే తోలుకుంటూ, అత్తవారింటి గుమ్మం ముందు దింపాలి. ఆ పెళ్లిలో నేను కోరుకున్నది అదొక్కటే. పట్టుబట్టలు పెట్టమన్నానా, పెద్దరికం ఇమ్మన్నానా?

ముహూర్తం పెట్టుకున్నాక బావ అక్కని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు బయటపెట్టాడు.

"టెక్కలోడి కారు మాట్లాడేద్దారనుకుంతన్నాను. నువ్వేటీ అనుకోకు."

"ఏటి బావా, నా బండికేటొచ్చింది?"

"బండికేటీ రానేదురా. సౌండు నేదు. నీ బండిలో పాట దోమ పాడినట్టుంతాది. మగపెళ్లోరి ఊరు మద్దెలోంచి పెళ్లికూతురు సడీసప్పుడూ నేకుండా ఎల్తే ఏటనుకుంతారు? ఎవుల్నో ఆసుపత్రికి తీసుకెల్తన్నారనుకుంతారు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వాళ్లకి కావాల్సింది పెళ్లికూతురా, పాటలా?" అన్నాను.

"రెండూ కావాల" అన్నాడు తొణక్కుండా.

మా అక్క లోపల్నించి వచ్చి నా పక్కన చేరింది. "ఆ సౌండేదో నువ్వే పెట్టించీరాదా తమ్ముడా, గొడవొదిలిపోద్ది" అంది. అక్క మొహం చూసి సరేనన్నాను.

కాశీబుగ్గలో కొట్టువాడు చెప్పిన ధర విని, "నేను స్పీకర్లు అడిగాను బాబూ, ఇంకో వ్యాను కాదు" అని వచ్చేశాను. పెళ్లి అనే మాట చెవిన పడితే చాలు, వీళ్లకి కత్తులు నూరడమే పని. నేనే చేసుకుంటానని పంతం పట్టాను. కంపెనీ టేపు అలాగే ఉంచి, దాని హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. మైకుసెట్లు బాగుచేసే మనిషి దగ్గర పాత యాంప్లిఫయరు ఒకటి దొరికింది. విప్పేసిన బస్సులోంచి కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు రెండు పట్టుకొచ్చాను. డోరు రేకులు గలగలలాడకుండా లోపల కొబ్బరిపీచు కూరాను. కొబ్బరితోటల మా ఉద్దానంలో పీచుకేం కరువు? స్పీకర్లు బిగించి వెనక సీటు కింద పెట్టడానికి పనసచెక్కతో పెట్టె చేయించాను.

వైర్లు కలిపి పాట వేస్తే, నిజం చెప్పొద్దూ, అద్దాలు అదిరాయి. వీధిలో వాళ్లంతా బయటికొచ్చారు. ఇప్పుడు రమ్మనండి టెక్కలివాణ్ణి అనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! పనసచెక్కకి చెద పట్టకూడదు, ఉప్పుగాలికి ఉబ్బకూడదు. దానికి మావాళ్లకి తెలిసిన మందు ఒక్కటే, జీడితొక్కల నూనె. మా గుమ్మాలకి అదే పూస్తాం, పడవలకీ అదే పూస్తారు. పచ్చినూనె ఒంటికి తగిలితే కాల్చేస్తుందని పలాసలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాకపోతే కిరసనాయిలు కలిపితే దాని వేడి చచ్చిపోతుందని మాలో ఒక నమ్మకం. ఎవడు పుట్టించాడో గానీ, వాడు నాకు దొరకాలి! కలిపాను. మూలల్లోకి బ్రష్షు పోకపోతే గుడ్డ ముంచి రెండు అరచేతులతో అద్దాను.

మా ఆవిడ చూసి కేకలేసింది. "జీడిపిక్కలు కొట్టే ఆడోళ్లు కూడా సేతులకి ఆముదం రాసుకుని కూకుంతారు. నీదేటి, ఏనుగు తోలా?"

"నోరుమూసుకో, కిరసనాయిలు కలిపాను" అన్నాను.

పెట్టె బాగానే ఆరింది. పైన రెగ్జిన్ కూడా అంటించాను. పెళ్లి ముందురోజు పొద్దున్నకి నా చేతులు మాత్రం పూరీల్లా పొంగాయి. అరచేతుల నిండా నీటిబొబ్బలు. వేళ్లు ముడవడానికి లేదు. కాంపౌండరు మందు రాసి, రెండు చేతులకీ మూటలు కట్టినట్టు గుడ్డ చుట్టాడు.

బావ చూశాడు. "ఈ సేతుల్తో స్టీరింగేటి పడతావురా? బండిలో పెళ్లికూతురుంతాది" అన్నాడు. ఆ పెళ్లి వ్యవహారం మొత్తంలో అతను అన్న న్యాయమైన మాట అదొక్కటే. అందుకే నాకు మరీ కోపం వచ్చింది. ఎవరి కోసం పెట్టానురా ఈ సౌండు? ఎవరి పరువు కోసం ఈ చేతులు కాల్చుకున్నాను? అని లోపలే తిట్టుకున్నాను. స్టాండులో ఒక డ్రైవర్ని మాట్లాడాను. నా బండి, నా మేనకోడలు, తోలేది ఎవడో!

నేను డ్రైవరు పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక కిటికీ పక్కన పెళ్లికూతురు, మధ్యలో బావ, ఆ చివర బావ వాళ్ల అక్క. మా అక్క సారె సామానుతో వెనక బస్సులో వస్తోంది. బయల్దేరగానే బావ "పెంచు, పెంచు" అన్నాడు. డ్రైవరు ఆఖరిదాకా పెంచాడు. జీడితోటల్లో పనిచేసుకునేవాళ్లు లేచి నిలబడి చూశారు. బావ తొడ మీద తాళం వేస్తూ, ఊరు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయట పెడుతున్నాడు.

నౌపడ దగ్గర రైలుగేటు వేసి ఉంది. డ్రైవరు తాళం తిప్పి ఇంజను ఆపాడు. బ్యాటరీ దిగిపోకూడదని నేను పాట కూడా తాళంతోనే ఆగిపోయేలా వైరు కలిపాను. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది.

అప్పుడు వినపడింది, వెనక నుంచి వెక్కిళ్ల చప్పుడు. తిరిగి చూశాను. మా పిల్ల మొహం కిటికీకి ఆనించి ఏడుస్తోంది. కాటుక చెంపల మీదికి కారిపోయింది, పైటకొంగు తడిసి ముద్దయింది. ఎప్పట్నించి ఏడుస్తోందో ఎవడికి తెలుసు?

పెళ్లికూతుళ్లు ఏడవరా అంటారేమో. ఏడుస్తారు. ఏడిస్తే పక్కవాళ్లు వింటారు, వీపు నిమురుతారు, నేనున్నానంటారు. కన్నతండ్రి భుజం తగిలేంత దగ్గరలో కూర్చుని పాటకి తాళం వేసుకుంటున్నాడే! నేను తోలి ఉంటే అద్దంలో కనపడేది.

"ఏటైందమ్మా?" అన్నాను.

"ఏటీ నేదు మావా" అంది. "కాసేపు ఇలాగే ఉండనీ."

బావకి అదీ వినపడలేదు. గేటు దగ్గర పోగైన జనాన్ని చూస్తున్నాడు. "అదేటి, పాట ఆగిపోనాది? ఎయ్యెయ్యి, అందరూ సూత్తన్నారు" అన్నాడు. డ్రైవరు తాళం వైపు చెయ్యి చాచాడు.

నా గుడ్డమూట చెయ్యి తీసుకెళ్లి తాళం మీద అదిమిపెట్టాను. లోపల బొబ్బలు చితికి ప్రాణం పోయినంత పనైంది. బావ తిట్టాడు. డ్రైవరు బిత్తరపోయాడు. గూడ్సు రైలు పెట్టె తర్వాత పెట్టె మెల్లగా వెళ్తూనే ఉంది. గేటు లేచేదాకా నేను చెయ్యి తియ్యలేదు.