ఇంకోసారి కేకెయ్యి నాయనా

పాలకొల్లులో మా ఎదురింటి మామ్మగారు వీధిలోకి ఎవరు ఏది అమ్మవచ్చినా గుమ్మం దగ్గరికి పిలిచి, "ఇంకోసారి కేకెయ్యి నాయనా" అనేవారు. నేను బళ్లో రోజంతా గొంతు చించుకునే పంతుల్ని. ఇంకోసారి చెప్పమని నన్నడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అందుకని కాస్త అసూయగానే ఉండేది.

ఓరోజు ముంజలతను విసుక్కున్నాడు. "కొనేదేవన్నా ఉందాండీ?"

ఆవిడ నవ్వి, సంగతి చెప్పారు. సిపాయిల తిరుగుబాటప్పుడు, దొరగారి వంటవాడైన భర్తతో లక్నోలో చిక్కుకుపోయారట. ముట్టడి సాగినన్నాళ్లూ ఓ నేలమాళిగలో దాక్కుని, చంటివాడి ఏడుపు బయటికి పోకుండా నోరు మూసి పట్టుకునేవారట. చివరికి ఫిరంగులు ఆగాయి. పిల్లాడికి చుక్క నీళ్లు లేకపోయినా తలుపు తీసే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు సందులో ఎవరో ఏదో అమ్ముతున్న కేక వినబడింది.

"యుద్ధం జరుగుతుంటే తట్ట నెత్తినెట్టుకుని ఎవడరుస్తాడండీ? తలుపు తీసేశాను."

"ఏం అమ్ముతున్నాడండీ?" అన్నాను.

"వాళ్ల భాష నాకేం తెలుసు పంతులుగారూ!"

ఇంతలో ఆనాటి చంటివాడు, ఇప్పుడు మీసాలు నెరుస్తున్న మనిషి, "అమ్మా, మళ్లీ ముంజలతన్ని పిలిచావేంటే?" అని లోపల్నుంచి వీధి అదిరేలా అరిచాడు.

మామ్మగారు హాయిగా కళ్లు మూసుకుని విన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు. వాడు ఇంకోసారి అరవాలిగా!