హాల్లో పుస్తకాలకు తావు

మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందు కదిలేవి నా పుస్తకాలే. పెళ్లై కర్ణాటకలో ఉన్న ఈ చింతామణికి కాపురానికి వచ్చినప్పుడు ఒక రేకు పెట్టె నిండా అవి నాతో వచ్చాయి. బాగేపల్లిలో మా తాత దగ్గర కూర్చుని నేర్చుకున్న తెలుగు, చిక్కబళ్లాపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఇష్టపడ్డ కన్నడ, రెండూ ఆ పెట్టెలో పక్కపక్కనే ఉండేవి. ఏటికేడు పెరిగి, పెట్టెలో పట్టక, బియ్యం సంచుల్లోకీ అట్టపెట్టెల్లోకీ చేరాయి. ఇంట్లో నామకరణమంటే మంచం కిందికి, సత్యనారాయణ వ్రతమంటే అటక మీదికి, మా ఆయన మండీ స్నేహితులు భోజనానికి వస్తున్నారంటే మిద్దె మీద గదిలో ఉల్లిగడ్డల పక్కకి. అద్దెకున్నవాళ్లను కూడా ఎవరూ ఇన్నిసార్లు ఖాళీ చేయించరు. ఒక వానాకాలం వెళ్లాక సంచి విప్పితే పైన అట్టలు మిగిలాయి, లోపల కాగితమంతా చెదలు తినేశాయి. ఆ రోజు నేను ఏడవలేదు, పోట్లాడాను. నాకు ఏడుపు కన్నా అదే బాగా వచ్చు.

పోట్లాటకు తగిన సమయం కూడా దొరికింది. హాల్లో నేల కుంగి, బండలు ఒకదానిమీద ఒకటి లేచి, మా అత్త రెండుసార్లు కాలు తట్టుకుని పడబోయింది. హాలంతా పగలగొట్టి మళ్లీ కట్టక తప్పలేదు. మా ఆయనకు టమాటా మండీ. పొద్దున్నే వేలం ముగించుకుని వచ్చి, టిఫిన్ ముందు పెట్టుకుని, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. గోడంత టీవీ, మూల తిరిగిన సోఫా, అద్దాల షోకేసు, అందులో ప్లాస్టిక్ పూలు.

"నీ పుస్తకాలు ఈ షోకేసులో పెట్టుకో. లావుగా, బంగారు అక్షరాలుండేటివి నాలుగు ఏరి పెడితే లక్షణంగా ఉంటాది," అన్నాడు.

"లక్షణంగా ఉండేకి అవి పెండ్లిచూపులకి కూచున్నాయా? తాళమేసి అద్దంలోనుంచి చూసేదానికి నేను పుస్తకాలు కొనలేదు."

"వచ్చినోళ్లు చదివేకొస్తారా మనింటికి? కూచునేకొస్తారు, తినేకొస్తారు."

ఆ మాట నిజమే. నేనెంత వాదించే మనిషినైనా నిజాన్ని కాదనను, దాన్ని నా వైపు తిప్పుకుంటాను. మండీ వాళ్లిల్లంటే సత్రమే. రైతులొస్తారు, వ్యాపారులొస్తారు, బాగేపల్లి నుంచి చుట్టాలొస్తారు, పండగొస్తే వీధంతా వస్తుంది. అందరూ కూర్చోవాలి, తినాలి. సరే, మరి ఆ సోఫాలో కూర్చునేదెవరు? నలుగురు మగవాళ్లు. మిగిలినవాళ్లు గోడకానుకుని నిలబడతారు. విస్తళ్లు వేయాలంటే ఆ సోఫానే నలుగురు పట్టి వీధిలోకి మోయాలి. ఆడవాళ్లయితే మా హాల్లో కూర్చోవడం నేను ఒక్కనాడూ చూడలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వంటింట్లోకి దూరి, గ్యాసు పొయ్యి సెగలో ఒకరి కొంగు ఒకరు తొక్కుకుంటూ నిలబడతారు. అందరూ కూర్చోగలిగిన హాలే కడతాను, అందులోనే నా పుస్తకాలూ ఉంటాయి అన్నాను.

మా అత్త వెంటనే అడ్డుకుంది. ఆమెకు చదువు రాదు, మాట మాత్రం నాకన్నా పదును. "హాలంతా పుస్తకాలు పెడితే ఇల్లు తాలూకాఫీసు మాదిరుంటాది. వచ్చినోళ్లు తాంబూలం తీసుకునేకొచ్చినామా, అర్జీ ఇచ్చేకొచ్చినామా అనుకుంటారు."

"నువ్వే కూచుని అర్జీలు తీసుకుందువులే అత్తా," అన్నాను.

మా ఆయన అప్పుడు పందెం లాంటి షరతు పెట్టాడు. "సరే, నీ ఇష్టమొచ్చినట్ల కట్టించుకో. వరలక్ష్మి పండగనాడు ఒగరంటే ఒగరు కూచునేకి తావు లేదని ఎనక్కి పోయినారంటే, మర్నాడే నీ పుస్తకాలన్నీ మిద్దె పైకి. మళ్లీ కిందికి దిగేది లేదు. ఈడ నా షోకేసు వస్తాది."

మా అత్త ముందర ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఆమె ముందర ఒప్పుకున్న మాటకు తిరుగు లేదు.

చెక్క వద్దనుకున్నాను. చెదలకు ఇంకోసారి విందు పెట్టే ఉద్దేశం నాకు లేదు. చిక్కబళ్లాపురం దారిలో కొండలకు కొండలే బండలు కోసి అమ్ముతుంటే మనకు ప్లైవుడ్డు ఎందుకు? మన పక్క వంటిళ్లలో పప్పు డబ్బాలకు గోడలో బండలు దింపి అరలు కట్టినట్టే హాలుకు కట్టమన్నాను. మేస్త్రీ తల గోక్కున్నాడు.

"వంటింటికి కడతారమ్మా, హాలుకెవరన్నా కడతారా?"

"పప్పు డబ్బాలు నిలబడిన తావులో పుస్తకాలు నిలబడవా?"

"నిలబడతాయి గాని, చూసినోళ్లు నగుతారు."

"నగనీప్పా. నగేటోళ్లు కూడా కూచునే నగుతారు."

మూడు గోడల వెంట, మోకాలెత్తున, మఠం వేసుకుని కూర్చోగలిగినంత వెడల్పున నున్నటి బండ వేయించాను. ఇంటి బయట ఉండే అరుగును ఇంట్లోకి తెచ్చినట్టన్నమాట. ఆ అరుగు కింద చిన్నపిల్లలకు అందేలా బొమ్మల పుస్తకాల అరలు. వంటింటి వైపు అరుగు కింద మాత్రం పెద్ద గుండిగలు, చుట్టచుట్టిన జమఖానాలు. కూర్చున్నవాళ్ల వీపుకూ తలకూ గోడ ఖాళీగా వదిలి, ఆ పైన నా పుస్తకాల అరలు. ఎక్కడినుంచి మొదలు పెట్టాలన్నదే చిక్కు. కిందికుంటే తల తగులుతుంది, పైకుంటే నాకు అందదు. మా ఇంట్లో అందరికన్నా పొడుగు మా ఆయన. ఇటుకల మీద ఒక బండ పెట్టి దానిమీద ఆయన్ను కూర్చోబెట్టి, తల ఎక్కడికొస్తుందో గోడమీద బొగ్గుతో గీత గీయించాను.

"నా తలకాయతోనే నాకు ఎసరు పెడతాండావు," అన్నాడు కదలకుండా కూర్చుని.

"తలకాయకి ఇన్నాళ్లకి ఒక పని దొరికిందని సంతోషపడు."

నడుమ హాలంతా వదిలేశాను. అక్కడ ఏ సామానూ పెట్టకూడదు, ఒక స్టూలు కూడా. విస్తళ్లు వేసుకోవచ్చు, పిల్లలు బోర్లా పడుకుని చదువుకోవచ్చు. టీవీని లోపలి గదిలోకి పంపాను. మా పిల్లలిద్దరూ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పీయూసీ చదివే నా కూతురు వచ్చి కిటికీ దగ్గరి అరుగు ఆక్రమించి, అది తనదేనని తమ్ముడితో కొట్లాటకు దిగింది. మా అత్త ఇద్దర్నీ లేపి, కాళ్లు చాపుకుని ఆ తావు తనదని తేల్చేసింది. అరుగుల మీద కొట్లాడుకుంటున్నారంటే హాలు నా ఇంటివాళ్లకు సరిపోయినట్టే. ఇక మిగిలింది వచ్చేపోయేవాళ్లు.

పండగకు ముందు రోజే మా వదిన బాగేపల్లి నుంచి దిగింది. మా ఆయనకు అక్క. ఈ ఇంట్లో గిన్నె జరిపినా ఆమెకు కబురు వెళ్లాల్సిందే. గడపలోనే ఆగి మూడు గోడలూ తిప్పి తిప్పి చూసింది.

"ఏమమ్మా, హాలా ఇది, బస్టాండా? సుట్టూరా బండలు, నడుమ బయలు!"

"బస్టాండే వదినా. బాగేపల్లి బస్సొచ్చేసింది కదా!"

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా వదిన నన్ను వదలనన్నట్టు చూసి, కాలు నొప్పంటూ వెళ్లి అరుగుమీదే కూర్చుంది.

పండగనాడు తూర్పు గోడ అరుగు మీద ఒక మూల కలశం పెట్టాను. అమ్మవారు హాల్లో ఉంటే ఆడవాళ్లు హాల్లోకి రాక ఎక్కడికి పోతారు? మధ్యాహ్నం దాటాక రావడం మొదలుపెట్టారు. ఇదివరకు ఈ పండక్కి గుమ్మంలోనే పసుపు కుంకుమ తీసుకుని, తాంబూలం కొంగులో వేసుకుని, "ఇంకా నాలుగిండ్లకి పోవల్ల" అంటూ పరుగు పెట్టేవాళ్లు. ఇప్పుడు లోపలికి వచ్చి, దండం పెట్టుకుని, వెనక్కి తిరిగితే ఎదురుగా అరుగు. కాసేపు కూర్చుందామనిపిస్తుంది. కూర్చుంటే మూడు గోడల నుంచి అందరి ముఖాలూ అందరికీ కనిపిస్తాయి. ఇక మాట ఆగుతుందా? వెంట వచ్చిన పిల్లలు అరుగు కిందికి దూరి బొమ్మల పుస్తకాలు లాగేశారు. నేను ఓళిగలు, అదే బొబ్బట్లు, పంచుతూ, కూర్చున్నవాళ్లను కాదు, ఖాళీగా ఉన్న తావును లెక్క చూసుకుంటున్నాను. అది నిమిషనిమిషానికీ తరిగిపోతోంది. మా ఆయన సాయంత్రం మండీ వాళ్లను పిలిచిన సంగతి నాకు తెలుసు. కావాలనే పిలిచాడు.

మా వదినకు తప్పు పట్టే పని ఇంకా మిగిలే ఉంది. తలపైనున్న అరలో చెయ్యి పెట్టి ఒక తెలుగు కథల పుస్తకం లాగింది.

"బాగానే ఉండాదిలే అమ్మా. అయితే ఈ తెలుగు పుస్తకాలు ఈడ చదివేటోళ్లెవరు? మాట్లాడేది తెలుగైనా మనమంతా చదివింది కన్నడమే కదా. ఇంత గోడ వీటికి దండగ."

నలుగురూ అవునన్నట్టు తలూపారు. నా నోటిదాకా మాట వచ్చింది. అంతలో ఆమె, తనకు రాదని నలుగురికీ చూపించడానికే, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి వరుస మీద వేలు పెట్టింది. "చూడండి, ఇదేమో... ఎ... ను... ము." ఆగింది. "ఎనుము? ఎనుమంటే మన ఎనుమేనా?" మళ్లీ వేలు కదిలించింది. "ఎనుము... పాలు... ఇయ్యనన్నాది." తల ఎత్తి నన్ను చూసింది, నేనేదో మోసం చేసినట్టు. "ఇదేందిది, మన కన్నడ అక్షరాలకే తల మీద టోపీ పెట్టినారు!"

తర్వాత ఆమె ఆగలేదు. నడక నేర్చే పిల్లలాగ తడబడుతూ, పడుతూ లేస్తూ చదివింది. ఇద్దరు తోడికోడళ్లు, వాళ్లు వేరుపడేటప్పుడు మిగిలిన ఒక ఎనుము, దాని మీద తగవు. మాటలన్నీ మేం రోజూ అనుకునేవే. ఒక చోట ఆమె తప్పు చదివితే నేను అందించబోయాను.

"నువ్వు నోరు ముయ్యి. ఆయమ్మి చదువుతాండాది కదా," అని మా అత్త నన్ను గదిమింది.

పెళ్లైనప్పటినుంచీ ఆమె నన్ను వందసార్లు నోరు ముయ్యమంది. నేను సంతోషంగా మూసింది మాత్రం ఆ ఒక్కసారే.

కథ సగానికి రాకముందే హాలు రెండుగా చీలిపోయింది. మేపింది పెద్దకోడలు కాబట్టి ఎనుము ఆమెదేనని కిటికీ వైపు వాళ్లు. "మేపితే సరా? పుట్టింటినుంచి తోలుకొచ్చింది చిన్నామె కదా!" అని కలశం వైపు వాళ్లు. పక్కింటామె, నాలుగిళ్లకు వెళ్లాలని వచ్చిన మనిషి, తాంబూలం పక్కన పెట్టి చీర కుచ్చిళ్లు సర్దుకుని మరీ వాదనకు దిగింది. ఎవరూ లేవలేదు. నాకిష్టమైన పని నా ఇంట్లో ఇంతమంది చేస్తుంటే చూడ్డం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఐదారుగురు మండీ వాళ్లతో గుమ్మంలోకి వచ్చాడు. మూడు గోడలూ చూశాడు. ఎక్కడా జానెడు ఖాళీ లేదు. ముఖం వెలిగిపోయింది.

"చూస్తివా? మనుషులు కూచునేకి తావే లేదు!"

మిద్దె మీద ఉల్లిగడ్డల వాసన అక్కడికక్కడే ముక్కుకు తగిలింది.

"మనుషులు కాకుంటే వీళ్లంతా ఏందప్పా, టమాటా బాక్సులా?" అంది మా అత్త కిటికీ దగ్గర్నుంచి, కాళ్లు ముడుచుకోకుండానే.

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "నవ్వులు కాదమ్మా, మాటంటే మాట. వీళ్లిప్పుడు ఎనక్కి పోవల్సిందే కదా?" అని వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగాడు.

వాళ్లలో పెద్దాయన, బాగేపల్లి పక్క పల్లెల టమాటా అంతా తోలేవాడు, గుమ్మంలోనే ఆ వాదన విని చెప్పులు అప్పటికే విడిచేశాడు. "ఎందుకప్పా పోయేది? ఇంత బయలుండాది కదా!" అంటూ హాలు నడుమకు వచ్చి చుట్టూ చూశాడు. నేను అరుగు కిందినుంచి జమఖానా లాగి పరిచేలోపే చతికిలబడ్డాడు. "యాడిదాకా వచ్చింది తగవు? ఎనుము ఎవురికి పోయె?"

"ఇంకా తేలలేదప్పా," అంది మా వదిన, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"అయితే చదువమ్మా. ఓళిగలు తర్వాత తిందాం."

మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. అరుగుల మీద ఆడవాళ్లు, నేలమీద మగవాళ్లు. నా జన్మలో మా హాలు అలా నిండింది లేదు. నిలబడింది మా ఆయన ఒక్కడే. నేను ఓళిగల పళ్లెం చేత్తో పట్టుకుని ఆయన ముందుకు వెళ్లాను.

"ఎవరన్నా ఎనక్కి పోయినారా?"

"లేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయితే చెప్పప్పా. నా పుస్తకాలు యాడుంటాయి?"

"యాడుండాయో ఆడనే ఉంటాయి," అన్నాడు గొణుక్కుంటూ.

"వినబళ్లేదు. గట్టిగా చెప్పు."

"యాడుండాయో ఆడనే ఉంటాయి!" అని అరిచాడు.

హాలు మొత్తం ఒక్కసారిగా మా వైపు తిరిగింది.

"మెల్లగప్పా, చదువుతాండారు," అంది మా అత్త.