ఇన్వర్టర్ అంటే ఏందనుకుంటాండావు మా?

పోయిన మంగళవారం పొద్దున మా ఎదురింటి అన్న నిద్రలోనే పోయారు. నేను పాలు కాస్తుంటే వదిన మా గుమ్మంలో నిలబడి, "ఎంత పిలిచినా మీ అన్న పలకల్యా మా, ఒకసారి రా" అన్నది. వెళ్లి చూస్తే కుడిచెయ్యి దిండు కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి, ఇంకో గంట పడుకుందామనుకున్నవారిలా ఉన్నారు.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్లది పాత మిషన్ చర్చి కుటుంబం, మాది బట్టల అంగడి. నడుమ బ్రూస్‌పేటలోని ఒక సన్నటి వీధి. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేయడం ఆయన పని. మిషను ముందు కూర్చోగానే దాని వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవారు. విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే నేల మీద పేర్చేవారు; ఎవరైనా వాటిని దాటితే కసురుకునేవారు. పని అయ్యేదాకా కాఫీ ముట్టరు. "ముందు దీన్ని చల్లబడనీ, నేను వేడిది తాగుతా" అనేవారు. ఆదివారం మాత్రం పనిముట్టు పట్టరు. "చేతులకు సెలవు, నోటికి ల్యా" అంటూ పక్కన నిలబడి మావారి చేత పని చేయించిన ఆదివారాలు చాలా ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది రెండేళ్ల కిందటి ఎండాకాలం సంగతి. మా ఊరి చుట్టూ ఇనుప గనుల జోరు ఇప్పటిలాగే అప్పుడూ. పెద్దరోడ్డు మీద రోజంతా ఖనిజం లారీలు. పొద్దున తుడిచిన కిటికీ చువ్వలు మధ్యాహ్నానికి కుంకుమ అద్దినట్టయ్యేవి. మా అత్తమ్మకు ముందే ఆయాసం. ఆ మార్చిలో రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టవలసి వచ్చింది. ధూళి లోపలికి రానివ్వొద్దు, కిటికీలు తెరవద్దు అన్నారు డాక్టరు. తెరిస్తే ఆయాసం, మూస్తే ఉక్క. మూడోసారి ఆసుపత్రికి పోతే తిరిగి రావడం ఉండదనే భయం ఆవిడకూ ఉంది, మాకూ ఉంది. ఆవిడ గదికి ఏసీ పెట్టించాలని అప్పుడు అనుకున్నాం.

లారీలు కొన్న మావారి స్నేహితుడొకరు కప్పగల్లులో ఇల్లంతా ఏసీలు పెట్టించారు. ఆయన చెప్పిన షోరూముకే మేమూ వెళ్లాం. "ఇన్వర్టర్ ఏసీ కొత్తగా వచ్చింది, అదే తీసుకోండి" అన్నారు అక్కడ. కరెంటు పోయినా నడుస్తుందని వాళ్లు అనలేదు. పేరు వినగానే మేమే అనుకున్నాం. మా మెట్ల కింద బ్యాటరీతో ఉన్న పెట్టెను ఇంటిల్లిపాదీ పిలిచేది ఇన్వర్టర్ అనే కదా! ఇక ఆ పాత పెట్టెతో పనిలేదని, సిరిగేరిలో ఉన్న మా ఆడపడుచుకు ఇచ్చేస్తానని ఫోనులో మాట కూడా ఇచ్చేశాను. సోమవారం బండి పంపిస్తానన్నది.

ఆ ముందురోజు ఆదివారం. అన్న చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా మా ఇంటికి వచ్చారు.

"ఇన్వర్టర్ ఏసీ తీసుకుంటాండాం అన్నా," అన్నాను గొప్పగా. "ఇంక ఆ బ్యాటరీ పెట్టె ఎందుకని సిరిగేరికి పంపిస్తాండా."

కూర్చోబోతున్న మనిషి ఆగిపోయారు. "ఇన్వర్టర్ అంటే ఏందనుకుంటాండావు మా?"

"లోపల బ్యాటరీ ఉండాది గదా?"

ఆయన మావారి వైపు తిరిగారు. "నువ్వూ అట్లనే అనుకుంటివా అప్పా?" మావారు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అన్న నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, "నాకు ఈ పొద్దు చేతులకు సెలవు. పొయ్యి నువ్వే తిప్పు" అన్నారు. ఫుల్లుగా పెట్టించారు, ఆర్పించారు, మళ్లీ ఫుల్లుగా పెట్టించారు. "ఇది మామూలు ఏసీ. నడిస్తే పూర్తిగా, లేదంటే ఆగిపోతాది. ఇప్పుడు ఫుల్లు, సగం అని రెండే మెట్లు ఉండే పొయ్యి అనుకో. అట్లాంటి పెద్ద మిషను గనుల గెస్ట్‌హౌస్‌లో ఉండాది, నేనే చూస్తాంటా. మూడోది, పప్పుకు ఎంత మంట కావల్లో అంతకు తిప్పుకుంటావే, అది ఇన్వర్టర్. లోపల బ్యాటరీ గీటరీ ఏం ల్యా. గ్యాస్ అయిపోతే మూడూ ఆరిపోతాయి, కరెంటు పోతే ఏసీలూ అంతే."

"మరి ఏది తీసుకోవల్ల అన్నా?"

"ముందు గదిని చూద్దాం పా. మిషను సంగతి తర్వాత."

గదిలో ఆయన గోడలు చూడలేదు, అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నారు. "పెద్దమ్మా, ఏ వేళకు నీకు కష్టం ఎక్కువ?"

"కరెంటు పోయినప్పుడు నాయనా. ఫ్యాను ఆగితే నా గాలే ఆగినట్టుంటాది."

కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో నేను రోజూ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని, రుబ్బుకునే పనులు ముందే ముగించుకోవడానికి. అది తెచ్చి చూపించాను. అన్న పేజీ పేజీ వేలు పెట్టి చదివారు. దాదాపు రోజూ మధ్యాహ్నం రెండింటికి పోయి నాలుగింటికి వస్తోంది.

"రెండు మెట్లది పెద్ద హాళ్లకు. ఒక్క గదికి వద్దు, ఈడ దొరకదు కూడా" అన్నారు. "మామూలుదైతే నేను కళ్లు మూసుకొని రిపేరి చేస్తా. కానీ మధ్యాహ్నం ఓల్టేజి పడితే అది మొండికేస్తాది. ఇన్వర్టర్‌ది చిన్నగా లేసి, చిన్నగా నడుస్తానే ఉంటాది. పొద్దున పదింటికే వేసిపెడితే రెండింటికి గోడలు, మంచం అన్నీ చల్లబడి ఉంటాయి. తర్వాత రెండు గంటలు ఆ చల్లదనమే పెద్దమ్మను కాపాడల్ల. ఫ్యాను నీ బ్యాటరీ పెట్టె మీద తిరగల్ల. దాన్ని పంపితివా, ఏ ఏసీ తెచ్చినా దండగే." లేవబోతూ, "ఇంకొక మాట. స్టెబిలైజర్ పెట్టుకోండి. దీంట్లో బోర్డు పోతే నా చేతిలో ల్యా, బెంగళూరు నుంచి రావల్ల" అన్నారు.

తాను బాగుచేయలేని మిషనును కొనుక్కోమని చెప్పిన మెకానిక్కును నేను మరొకరిని చూడలేదు.

ఇక మిగిలింది సిరిగేరికి ఫోను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు. "ఏంది వదినా, బండి మాట్లాడినంక వద్దంటాండావు?" అన్నది మా ఆడపడుచు. అన్న ఫోను లాక్కున్నారు. "తప్పు మీ వదినది కాదు మా, ఆ పేరు పెట్టినోళ్లది! ఊర్లో సగం మంది అట్లనే అనుకుంటాండారు. నిన్న ఒకాయన, కరెంటు పోతే ఇన్వర్టర్ ఏసీ నిలబడిపాయ, మోసం మోసం అని నా మీద అరిసె." అవతల ఆమె నవ్వు నాకు వినబడింది. "సరే, అమ్మ బాగుంటే సాలు" అన్నదట.

ఏసీ బయటి పెట్టెను రోడ్డువైపు వద్దని వెనక పెరటి గోడకు పెట్టించారు అన్న, మన్ను తక్కువ పడుతుందని. ఏసీ వచ్చినప్పటి నుంచి ఇంతవరకు అత్తమ్మ మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు. మంగళవారం నేను వార్త చెబితే, "నాకంటే ముందు వాడెట్ల పోయినాడే" అన్నది.

ఏసీ బిగించిన మర్నాడు మధ్యాహ్నం, పిలవకపోయినా అన్న వచ్చి గదిలో నేల మీద కూర్చున్నారు. రెండు దాటిన కాసేపటికి కరెంటు పోయింది. ఏసీ ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరగంటకు ఆవిడ వేళ్లు వదులయ్యాయి. మూడయ్యేసరికి ఊపిరి నిదానంగా, సమంగా వస్తోంది. నిద్రపోయింది.

"ఇంక నాకేం పని ల్యా" అని గుసగుసగా చెప్పి అన్న లేచారు. వాకిట్లో విడిచిన కొత్త తోలుచెప్పులు కిర్రుమంటే ఆవిడ లేస్తుందని, వాటిని చేతుల్లోకి తీసుకుని వట్టి కాళ్లతో వీధిలోకి దిగారు. ఏప్రిల్ ఎండ. రోడ్డు నడిమధ్యకు పోగానే కాళ్లు కాలి ఎగిరారు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన వెనక్కి తిరిగి, నోటి మీద వేలు పెట్టి, అత్తమ్మ కిటికీ వైపు చూపించి, చెప్పులు రెండూ ఎదకు హత్తుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గెంతుతూ, చప్పుడు చేయకుండా వాళ్ల మెట్లు ఎక్కారు.