గద్దలు లేని ఆకాశం

రేడియోతో నడిపే గ్లైడర్ల, అంటే ఇంజను లేని బొమ్మ విమానాల, పోటీల్లో మా పేట రేడియో మెకానిక్‌ను ఒక్కసారైనా ఓడించాలని నాకు పంతం. భవానీపురం దగ్గర కృష్ణ ఇసుకతిన్నెల మీద మేమంతా గాలివాటం చూసుకుంటుంటే, ఆయన తలెత్తి గద్దల్ని వెతికేవాడు. గద్ద రెక్క ఆడించకుండా తిరిగేచోట వేడిగాలి పైకి లేస్తుందని, తన గ్లైడర్‌ని సరిగ్గా దాని కిందికే నడిపేవాడు.

డెబ్బై ఏడు కార్తీకంలో, పోటీ రోజున, ఆయన చాలాసేపు తలెత్తే ఉన్నాడు.

“పొద్దున్నుంచీ ఒక్క గద్దా లేదండీ. ఆకాశం ఖాళీ చేసి పోయినయ్. నేనెగరెయ్యను,” అన్నాడు.

“ఓడిపోతానని భయమా, సాయిబుగారూ?” అన్నాను, అందరూ నవ్వేలా.

ఆయన నవ్వలేదు. గ్లైడర్ రెక్కలు ఊడదీసి, పాత లుంగీలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“ఇది మీ దగ్గరుంచండి. మా అమ్మాయిని సముద్రం ఒడ్డున ఇచ్చాం. బందరు బస్సెక్కి పోయి, పిల్లని తీసుకొచ్చేస్తా.”

కప్పు నాకొచ్చింది. మర్నాడు ఉప్పెన వచ్చింది.

నాలుగోనాడు ఆయన్ని వెతుక్కుంటూ నేనూ అటే వెళ్లాను. బందరు దాటాక బస్సుల్లేవు, బురదలో నడిచాను. వాళ్లమ్మాయి ఊరు ఉండాల్సినచోట తలెత్తి చూశాను. గద్దలన్నీ అక్కడే ఉన్నాయి. రెక్క ఆడించకుండా, కిందికి చూస్తూ తిరుగుతున్నాయి.