ముసలయ్య కూతురికి రొట్టె

మలికిపురం దగ్గర కొబ్బరి పీచు మిల్లులో పనిచేసే వీరాయమ్మ తమ క్రైస్తవ మందిరంలో యేసు జ్ఞాపకార్థం అందరూ పంచుకునే ప్రభురాత్రి భోజనానికి ప్రతి శనివారం రొట్టె కాల్చేది. ఆదివారం ఆ రొట్టె తినే అర్హత మాత్రం ఆమెకు ఉండేది కాదు.

కారణం ఆమె తండ్రి ముసలయ్య. మందిరం స్థలం తగాదాలో ఆయన అమలాపురం కోర్టుకు వెళ్ళి అవతలి పక్షాన సాక్ష్యం చెప్పాడు. అందరి ఎదుట తప్పు ఒప్పుకునేదాకా ఆయనకూ, ఆయన పిల్లలిద్దరికీ రొట్టె ఇవ్వకూడదని పెద్దలు తీర్మానించారు. ముసలయ్య ఒప్పుకోకుండానే చనిపోయాడు. తీర్మానాన్ని ఎత్తివేయాలని ఎవరికీ తోచలేదు. పెళ్ళయ్యాక కూడా అంతే. భర్త జోజికి రొట్టె అందేది. వీరాయమ్మ మాత్రం రొట్టె అందనివాళ్ళు కూర్చునే వెనక చాప మీదే కూర్చునేది. కాల్చే పనికి మాత్రం ఆ తీర్మానం అడ్డు రాలేదు.

1998 వేసవిలో ఓ రాత్రి మందిరం పెద్ద కృపానందం గారికీ, ఊళ్ళోని పెద్దచర్చి పాస్టరు గారికీ బహిరంగ వాదం జరిగింది. తొలి మనిషి ఆదాము చేసిన పాపం, పుట్టిన ప్రతి బిడ్డకూ సంక్రమిస్తుందనీ, అందుకే పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తున్నామనీ పాస్టరు గారి వాదన.

"బిడ్డ పుట్టగానే ఏడ్చి ఊరంతా లేపుతుంది కదండీ, ఆ మంకుతనం ఎక్కడిదంటారు?" అన్నారాయన.

"ఆకలేసి ఏడిస్తే పాపమాండీ? ఎవరో తిన్న పండుకి పొత్తిళ్ళలో పిల్ల లెంపలేసుకోవాలా? ఎవరి తప్పు వాళ్ళదే," అన్నారు కృపానందం గారు.

జనం నవ్వారు. మందిరం వాళ్ళే గెలిచారని అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే వీరాయమ్మ ఆయన ఇంటికి వెళ్ళింది.

"రాత్రి మీరు చెప్పింది బాగా అర్థమయ్యిందండి. మరి ఈ ఆదివారం ముందు కూర్చోనాండీ?"

"అది ఆదాము సంగతమ్మా. ఇది మీ నాన్న సంగతి."

"తేడా ఏంటండీ?"

"ఆదాము మన సంఘంలో సభ్యుడు కాడు. మీ నాన్న సభ్యుడు. ఆయన ఒప్పుకోవాలి."

"ఆయన పోయేరు కదండీ."

"అదేనమ్మా చిక్కు."

కొన్నేళ్ళ తర్వాత ఆమె ఇదంతా నాకు చెప్పినప్పుడు, ఈ జవాబును నేను ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. జోజి అయితే, "సమాధి తవ్వి తీసుకురమ్మన్నారా ఏంటి?" అన్నాడట.

ఆ ఆదివారం వీరాయమ్మ ముందు చాప మీద కూర్చుంది. పళ్ళెం వచ్చింది. పక్కనున్న ఆవిడ ఇవ్వాలో వద్దో తెలియక కృపానందం గారి వైపు చూస్తుండగానే ఈమె రొట్టె తుంచుకుని తినేసింది.

ఆరాధన ముగిశాక పెద్దలు ఆమెను పిలిపించారు. కోపంగా ఉంటారనుకుంటే, కృపానందం గారి ముఖంలో ఊరట కనిపించిందట.

"పెద్దల మాట కాదన్నావమ్మా. ఇది నీ సొంత తప్పు. ఒప్పుకుంటే చేర్చుకోవచ్చు."

"ఆయ్, కాదన్నానండి. విసుగొచ్చి కాదన్నాను. నా తప్పేనండి."

"పనిలో పని, మీ నాన్న తరఫున కూడా ఓ మాట అనెయ్యి."

"ఆయనది ఆయన్నే అడగండి. నాది నేను చెప్పేను."

పెద్దలు ప్రార్థన చేసి ఆమెను సహవాసంలోకి తీసుకున్నారు. తర్వాతి ఆదివారం పళ్ళెం ఆమె ముందు ఆగింది.

2004లో నేను కలిసేనాటికి కూడా ఆమెకు ఆ చిరాకు పోలేదు. తమ్ముడు అంజిబాబు ఇంకా వెనక చాప మీదే కూర్చుంటున్నాడు.

"వాడు మరీ బుద్ధిమంతుడండి. ఏ తప్పూ చెయ్యడు. ఏం ఒప్పుకుంటాడు?" అంది.